మైనస్ 12లో నూలుపోగు లేకుండా: ఫిన్లాండ్‌లో ఒక దోపిడీ, రెండు మంచి చోట్లు

ఫిన్లాండ్‌లో "సొంత ఒడ్డు, కట్టెల సౌనా, సరస్సు మంచులో మునగడానికి గుంత" అని ఫొటోలు పెట్టిన కాటేజీ కనిపిస్తే వెంటనే డబ్బు కట్టేయకండి. (సౌనా అంటే ఒళ్లంతా చెమట పట్టేలా వేడిచేసిన గది. అందులో కాసేపు కూర్చుని, బయటికొచ్చి చల్లటి నీళ్లలో మునుగుతారు.) ఆ మూడింటినీ అదే రోజు తీసిన వీడియోలో చూపించమనండి. నోటిమాటగా అయితే మాకూ బ్రహ్మాండంగా చెప్పారు.

వెళ్లింది నేను, మా ఆవిడ, హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావమరిది. మేమిద్దరం ఉండేది స్టుట్‌గార్ట్‌లో. జర్మనీ సౌనాల్లో ఆడామగా అందరూ బట్టల్లేకుండానే కూర్చుంటారు కాబట్టి మాకు ఆ బెరుకు ఎప్పుడో పోయింది. బావమరిదికి మాత్రం ఇదంతా కొత్త. ఫిబ్రవరి చలిలో, ఆరుబయట, బావ ముందు బట్టలిప్పడమంటే వాడికి విమానంలోనే టెన్షన్ మొదలైంది. అందుకే ముందు ఎవరూ లేని చోట అలవాటు చేద్దామని తంపెరె నగరానికి గంట దూరంలో సరస్సు పక్కన కాటేజీ తీసుకున్నాం.

రాత్రికి 210 యూరోలు అన్నారు. అక్కడికి వెళ్లాక సౌనా వేడి చేసినందుకు 40, దుప్పట్లకు మనిషికి 18 చొప్పున 54, వెళ్లేటప్పుడు శుభ్రం చేయడానికి 75. మొత్తం 379 యూరోలు. "ముప్పై వేలు దాటింది బావా" అని వాడు లెక్కకట్టి చెప్పాడు. ఆ తర్వాత ప్రతి ఖర్చునూ రూపాయల్లోకి మార్చి వినిపిస్తూనే ఉన్నాడు.

కట్టెల సౌనా కాస్తా కరెంటు పొయ్యి అయింది. 65 డిగ్రీలు దాటకుండా దానికి తాళం వేశారు. ఫిన్లాండ్ సౌనా అంటే మామూలుగా 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. 65లో ఒళ్లు పైపైన చెమట పడుతుందే తప్ప వేడి లోపలికి దిగదు. ఆ వేడి నిల్వ లేకుండా బయటికొస్తే చలి ఊరుకుంటుందా? ఇక మంచులో గుంత, వాళ్ల భాషలో అవాంతో, జానెడు మందాన గడ్డకట్టి ఉంది. నీళ్లు కదుపుతూ ఉండాల్సిన పంపు పనిచేయడం లేదు. యజమానికి ఫోన్ చేస్తే "షెడ్డులో గొడ్డలి ఉంది" అన్నాడు.

గొడ్డలి తెచ్చి ముప్పావుగంట కొట్టాం. చీకటి పడింది, ఎలాగో మనిషి పట్టేంత చోటు తెరుచుకుంది. సౌనాలో కూర్చుని వచ్చి, ధైర్యం చేసి నేనూ వాడూ తువ్వాళ్లు పక్కన పడేశామో లేదో, సరస్సు మీద నుంచి మూడు స్నోమొబైల్స్ (మంచు మీద నడిపే బళ్లు) హెడ్‌లైట్లు మా మీద వేసుకుంటూ వచ్చాయి. సొంత ఒడ్డు ముందే ఊరందరి దారి! బావమరిది మంచులోనే బోర్లా పడుకున్నాడు. వాళ్లేమో మర్యాదగా చెయ్యి ఊపి వెళ్లిపోయారు. యజమానికి చెబితే "వాళ్లు చూడరులే" అన్నాడు. మా ఆవిడ కిటికీలోంచి చూసి నవ్విన నవ్వుకి అక్కాతమ్ముళ్లు మర్నాడు మధ్యాహ్నం దాకా మాట్లాడుకోలేదు. డబ్బు వెనక్కి అడిగితే బుకింగ్ సైట్ వాళ్లు 30 యూరోల కూపన్ చేతిలో పెట్టారు.

మర్నాడు తంపెరెలో, పిస్పల అనే పేటలో ఉన్న రాయపోర్త్తి సౌనాకి వెళ్లాం. 1906 నుంచి నడుస్తోంది. దేశంలో ఇప్పటికీ పనిచేస్తున్న పబ్లిక్ సౌనాల్లో ఇదే పాతది. కాటేజీకి పోసిన డబ్బుతో ముగ్గురం ఇక్కడికి చాలాసార్లు రావచ్చు. కట్టెలతో వేడెక్కిన పెద్ద పొయ్యి, ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరువేరు గదులు, లోపల ఒంటిమీద ఏమీ ఉండదు. చల్లబడటానికి మాత్రం అందరూ తువ్వాలు చుట్టుకుని ఒకే పెరట్లోకి వస్తారు. మైనస్ 12లో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన ఒంట్లోంచి ఆవిరి లేస్తోంది. ఆయన తాపీగా కూరగాయల ధరల గురించి మాట్లాడుతున్నాడు. దాంతో మా వాడి బెరుకు సగం వదిలింది.

మా ఆవిడ అరగంట ఆలస్యంగా, మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది. లోపల ఒక ముసలావిడ ఏ మెట్టు మీద ఎంతసేపు కూర్చోవాలో సైగలతోనే నేర్పించిందట. మన ఆడవాళ్లకి మా ఆవిడ చెప్పమన్న మాట: గొలుసులు, నల్లపూసలు, మెట్టెలు అన్నీ ముందే తీసేయండి, ఆ వేడికి బంగారం చర్మాన్ని కాలుస్తుంది. మెడ బోసిగా ఉండకూడదనుకుని ఆమె పసుపుతాడు మార్చుకునే బయల్దేరింది.

హెల్సింకీలో సోంపాసౌనా అసలు కథ. పూర్తిగా ఉచితం. వలంటీర్లు నడుపుతారు, పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది, పక్కనే సముద్రం. ఆడామగా కలిసే ఉంటారు. స్విమ్‌సూట్ వేసుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. చోటు మారుతూ వచ్చింది కాబట్టి వెళ్లేముందు చిరునామా చూసుకోండి. కట్టెలు మనం పట్టుకెళ్తే మర్యాద. పెట్రోల్ బంకులో ఒక సంచీ 9 యూరోలకి కొన్నాం. కెమెరా మాత్రం బయటికి తీయకండి.

"బావా, ఎవరైనా మన బట్టలు చెట్టెక్కిస్తే?" అన్నాడు వాడు. గోపికలు కూడా మార్గశిర మాసపు చలిలోనే యమునలో వణుకుతూ నిలబడ్డారని వాళ్లక్క గుర్తుచేసింది. ఆమె తువ్వాలు చుట్టుకునే తిరిగింది, ఎవరూ ఏమీ అనలేదు.

చలికి తట్టుకోవడం గురించి నాకు అర్థమైంది ఇది. బట్టల్లేకపోవడం కాదు, తడిబట్టే అసలు శత్రువు. తడి స్విమ్‌సూట్ చల్లటి నీళ్లని ఒంటికి అతికించి ఉంచుతుంది, గాలి తగిలితే ఇంకా లాగేస్తుంది. ఉత్త ఒంటిని తువ్వాలుతో తుడుచుకుంటే నిమిషంలో పొడి. హెల్సింకీలోనే 2016లో తెరిచిన లోయ్లు అనే సౌనా చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ స్విమ్‌సూట్ తప్పనిసరి. సముద్రం నుంచి మెట్లెక్కి పైకి వచ్చేలోపు నడుం దగ్గర కొంకర్లు పోయినట్టయింది.

ఒంటికి బట్ట అక్కర్లేదు గానీ తలకి ఉన్ని టోపీ, కాళ్లకి, చేతులకి నియోప్రిన్ (రబ్బరులాంటి మందపాటి గుడ్డ) తొడుగులు ఉండి తీరాలి. సాక్సులు 24.90, చేతి తొడుగులు 19.90 పడ్డాయి, ఒక్క సెంటు కూడా దండగ కాదు. తడి చెయ్యి నిచ్చెన ఇనుముకి అంటుకుపోతుంది, దారంతా మంచు పేరుకుని జారుతుంది.

"గాలి మైనస్ 12, నీళ్లు సున్నా, అంటే నీళ్లే వెచ్చన కదా" అని వాడి లాజిక్. నీళ్లు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయని దిగాక తెలిసొచ్చింది. దిగగానే ఊపిరి ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు తల ముంచకూడదు, దూకకూడదు, నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగి గాలి నిదానంగా వదులుతూ ఉండాలి. బయటికొచ్చాక కూడా కాసేపు ఒళ్లు లోపల చల్లబడుతూనే ఉంటుంది, అందుకని మొదటిసారి అరనిమిషం చాలు. బీర్ తాగి దిగితే వెచ్చగా అనిపిస్తూనే వేడి ఇంకా త్వరగా పోతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దిగొద్దు.

సోంపాలో మూడోసారి దిగి వచ్చాక బావమరిది తువ్వాలు సంగతే మర్చిపోయి, మంచులో నిలబడి అపరిచితుడితో క్రికెట్ అంటే ఏమిటో చెబుతున్నాడు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు మాత్రం సోంపా జోలికి పోకండి. తంపెరెలో సరస్సు ఒడ్డున రౌహనియెమి ఉంది. అక్కడ అందరూ కలిసే కూర్చుంటారు, స్విమ్‌సూట్‌తో. పెద్దవాళ్లకి గట్టి సాక్సులు కొనివ్వండి, మునిగేది మీరైనా ఒడ్డున నిలబడి తిట్టేది వాళ్లు కదా.