అర్ధరాత్రి పిల్లిని తీసుకెళ్ళిన క్లినిక్: డాక్టరుకి అయిదు, బోర్డుకి రెండు

నెల్లూరులో "24 గంటలు" అని బోర్డు పెట్టుకున్న ఒక పెంపుడు జంతువుల క్లినిక్ గురించి ఇది. పేరు ఇక్కడ రాయను, తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, అక్కడున్నదేమో ఒకే ఒక్క డాక్టరు. కావాల్సినవాళ్ళు అడిగితే చెప్తా.

మా బుజ్జిగాడికి రెండేళ్ళు, మూడున్నర కిలోలుంటాడు. ఆ రోజు పొద్దున్నుంచి తిండి లేకుండా ముడుచుకుని పడుకుంటే, ఒళ్ళు కాలిపోతోందని మా నాయన పారాసిటమాల్ 650 మాత్రలో సగం విరిచి, చేపముక్కలో దాచి సాయంత్రం ఏడింటికి మింగించాడు. నాకు చెప్పలేదు. రాత్రి పదిన్నరకి చూస్తే మొహం ఉబ్బిపోయి ఉంది, నోట్లోంచి చొంగ, చిగుళ్ళేమో మట్టిరంగు. పక్కింటి ఆంటీ ఉప్పునీళ్ళు తాగించమంది, ఎందుకో చెయ్యి రాలేదు. 1962 నంబరుకి ఫోను చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు గుర్తొచ్చింది గానీ అది పల్లెల్లో గొడ్లకీ గొర్రెలకీ తిరిగే బండి. చెన్నైకి పోదామంటే 175 కిలోమీటర్లు. మన ఊరి పేరు మీద గొర్రె జాతి ఉంది, బ్రెజిల్‌లో మన ఒంగోలు గిత్తల సంతానాన్ని నెలోర్ అనే పిలుస్తారు, ఇక్కడ రాత్రిపూట ఒక పిల్లికి రోగమొస్తే మాత్రం దిక్కులు చూడాలి.

క్లినిక్ నంబరుకి అయిదుసార్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు, ఆరోసారికి నిద్రగొంతుతో "తీసుకురండి" అన్నారు. తర్వాత తెలిసిందేమిటంటే ఇక్కడ 24 గంటలంటే డాక్టరు గారు పైన మేడ మీద పడుకుని ఉంటారని, కింద గంట కొడితే దిగొస్తారని. ఆ ముక్క బోర్డు మీద రాస్తే ఏం పోయింది? ఫోను పట్టుకుని ఇంట్లో పావుగంట వృథా చేశాను.

కూరగాయల బుట్టలో వాణ్ణి పెట్టి పైన తువ్వాలు కట్టి స్కూటర్ మీద వెళ్ళాం. డాక్టరు గారు లుంగీతోనే దిగారు, బుట్టలోకి ఒకసారి టార్చ్ వేసి, పిల్లిని ముట్టుకోకముందే "ఏం మాత్ర వేశారు?" అని అడిగారు. ఏమీ వేయలేదు సార్ అని నేనంటుంటే వెనక నుంచి నాయన మెల్లిగా "జ్వరం బిళ్ళ, అరముక్క వేసినా సార్" అన్నాడు. ఆయన తిట్టలేదు. నాకు ఈ క్లినిక్ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

చెవి అంచున సూదితో పొడిచి ఒక చుక్క రక్తం తెల్ల కాగితం మీద అద్ది చూపించారు, ఎర్రగా లేదు, కాఫీ డికాషన్ రంగులో ఉంది. మన ఒంట్లో ఆ మందుని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైము పిల్లులకి దాదాపు ఉండదట, అందుకని అది రక్తంలో ఎర్రకణాల మీద పడి ఆక్సిజన్ మొయ్యనివ్వదు. తిని మూడు గంటలు దాటింది కాబట్టి వాంతి చేయించి లాభం లేదన్నారు, ఉప్పునీళ్ళు పోయకపోవడమే మంచిదైంది అన్నారు. మాస్కు పెట్టి ఆక్సిజన్ మొదలెట్టి, నా చేతిలో చీటీ పెట్టారు: ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇంజెక్షన్. మనుషులకి వాడేదే.

అంటే విరుగుడు వాళ్ళ దగ్గర లేదు! ఎమర్జెన్సీ అని బోర్డు పెట్టినవాళ్ళు ఇది ఒక్కటైనా ఫ్రిజ్ పక్కన పెట్టుకోవాలి కదా. పొగతోటకి పరిగెత్తాను, మూడో మెడికల్ షాపులో దొరికింది. షాపు అబ్బాయి పేషెంటు పేరు, వయసు అడిగితే "బుజ్జి, రెండేళ్ళు" అన్నాను, పాపం పసిబిడ్డ అనుకుని చిల్లర కూడా అడక్కుండా చేతిలో పెట్టాడు. సరిచేసే ఓపిక నాకు లేదు.

పన్నెండు దాటాక మొదటి డోసు బరువుని బట్టి లెక్కేసి, సెలైన్‌లో పలచన చేసి నెమ్మదిగా ఎక్కించారు. తర్వాత ఆరు గంటలకొకటి. రాత్రంతా ఉంచుకునే గది లేదు గానీ బెంచీ మీద కూర్చోనిచ్చారు, మధ్యలో రెండుసార్లు దిగొచ్చి చిగుళ్ళు చూసి వెళ్ళారు. దోమలు మాత్రం చంపేశాయి. రెండింటికి ఎవరో పెద్ద కుక్కని తెచ్చారు, దానికీ పిల్లికీ మధ్య అడ్డు ఒక ప్లాస్టిక్ కుర్చీ, అంతే.

డబ్బుల దగ్గర నాకు మండింది. పగలు ఫీజు 300, రాత్రి 800 అని చివర్లో చెప్పారు, ఆక్సిజన్ వేరే, మొత్తం 3,400 తెల్ల కాగితం మీద రాసిచ్చారు, బిల్లు లేదు. ఎక్కువని కాదు, ముందు చెప్పి ఉంటే ఇచ్చేవాణ్ణే.

మూడు రోజులు క్యాన్యులాతోనే తిరిగాం, నాలుగో రోజు వాడు వంజరం ముక్క వాసన చూసి లేచాడు. నాయన మాత్రం వాడికి తన చేత్తో తిండి పెట్టడం మానేశాడు.

వెళ్ళేట్టయితే మింగిన మందు అట్ట వెంట తీసుకెళ్ళండి, నగదు ఉంచుకోండి, ఫోను కోసం ఆగొద్దు. గంట స్విచ్ మెట్ల పక్కన కరెంటు మీటరు పెట్టె వెనక ఉంది, చీకట్లో కనపడదు, సెల్ లైటు వేసి వెతకండి.