పైన కరెంటు, కింద నీళ్ళు: కోవ్ పాలిసేడ్స్‌లో మూడు రాత్రులు

మా నాయన జమ్మలమడుగు నుంచి అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోకి, మా ఇంటికి వచ్చి ఆరు వారాలైంది. జలపాతాలు చూపించాం, సముద్రం చూపించాం, పోర్ట్‌లండ్ గులాబీ తోట చూపించాం. అన్నీ చూసి ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ, "యాడ చూసినా పచ్చగానే ఉండాది కదరా. ఎండ కాసే జాగా, రాయి కనపడే జాగా ఈ రాష్ట్రంలో లేనే లేదా?" అన్నాడు.

లేకేం. కాస్కేడ్ కొండల వరస దాటి తూర్పుకి దిగితే ఆరెగాన్‌లో ఎక్కువ భాగం ఎండు నేలే. సముద్రం మీంచి వచ్చిన మబ్బులు పడమటి వాలు మీదే కురిసి ఖాళీ అయిపోతాయి. అవతల మిగిలేది సేజ్ పొదలు, జూనిపర్ చెట్లు, నల్లరాయి. ఆ ఎండు నేల నడుమ డెషూట్స్, క్రుకెడ్, మెటోలియస్ అనే మూడు నదులు లోతైన లోయల్లో వచ్చి కలుస్తాయి. కలిసే చోటికి కాస్త దిగువన 440 అడుగుల ఎత్తున రౌండ్ బ్యూట్ డ్యామ్ కట్టి, 1964లో మూడు లోయల్నీ నింపారు. అదే బిల్లీ చినూక్ సరస్సు. కోవ్ పాలిసేడ్స్ స్టేట్ పార్క్ దాని ఒడ్డునే ఉంది. మేము రెండు కుటుంబాలం, నాయనతో కలిపి ఎనిమిది మందిమి, జులైలో మూడు రాత్రులు అటువైపు గడిపి వచ్చాం.

ఇక్కడ బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు. మేము జనవరిలోనే లోయ అడుగున ఉండే డెషూట్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ సైట్ పట్టేశాం. మా బావమరిది "చూద్దాంలే బావా" అంటూ మే దాకా చూశాడు. అతనికి చివరికి దొరికింది లోయ అంచు మీదుండే క్రుకెడ్ రివర్ క్యాంప్‌గ్రౌండ్. క్యాబిన్లు కూడా ఉన్నాయి గానీ కొద్దే, వేసవిలో వాటి మీద ఆశ పెట్టుకోకండి. అతని ఆలస్యం పుణ్యమా అని పైన, కింద రెండూ రుచి చూశాం. పోవాలనుకునేవాళ్ళకి ఈ యాత్రలో అసలు తేల్చుకోవాల్సింది అదే.

గురువారం ఆఫీసు అయ్యాక బయల్దేరాం కాబట్టి మొదటి రాత్రి పార్కుకి దగ్గర్లోని మ్యాడ్రస్ ఊళ్ళో ఒక మోటెల్‌లో దిగాం. ఊరి పేరు మన మద్రాసు పేరే. మద్రాసు నుంచి వచ్చిన గుడ్డ తాను మీది అక్షరాలు చూసి ఆ పేరు పెట్టారని చెబుతారు. నాయన ఆ బోర్డు దగ్గర కారు ఆపించి ఫోటో తీయించుకున్నాడు. మోటెల్ సంగతి చెప్పుకోవడానికేం లేదు. ఏసీ రాత్రంతా లారీలా మోగింది, పొద్దున్నే ఇచ్చిన టిఫిన్ పిల్లలే తినలేదు. చీకట్లో లోయలోకి దిగి టెంటు వేయడం ఇష్టం లేనివాళ్ళకి తప్ప ఆ రాత్రి దండగ.

పొద్దున కల్వర్ అనే ఊరి మీదుగా పోతుంటే రోడ్డుకి రెండు వైపులా తెల్లటి గొడుగుల్లా పూసిన పొలాలు. క్యారెట్. దుంప కోసం కాదు, విత్తనం కోసం. అమెరికాలో తయారయ్యే హైబ్రిడ్ క్యారెట్ విత్తనంలో ఎక్కువ భాగం ఈ చుట్టుపక్కలే పండుతుంది. నాయన మళ్ళీ కారు ఆపించాడు. గట్టున నిలబడి మగ వరసలేవో ఆడ వరసలేవో లెక్కపెట్టి, తేనెటీగల పెట్టెలు చూసి, కాలవ ఎటు పోతుందో చూసి వచ్చాడు. పావుగంట పట్టింది. అంతసేపు ఏ వ్యూపాయింట్ దగ్గరా నిలబడలేదు ఆయన.

తర్వాత నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. అప్పటిదాకా బల్లపరుపు పొలం, అడుగు ముందుకేస్తే కింద నీలం నీళ్ళు. లోయ గోడలు వరసలు వరసలుగా ఉంటాయి, పై వరసలో నల్లరాతి స్తంభాలు పక్కపక్కనే నిలబెట్టినట్టు. సుమారు 12 లక్షల ఏళ్ళ కిందట దక్షిణాన న్యూబెరీ అగ్నిపర్వతం నుంచి లావా పారి వచ్చి, పాత లోయని గిన్నెలో పాకం పోసినట్టు నింపేసింది. నది మళ్ళీ తొలుచుకుంటూ పోయింది. తొలవగా మిగిలిన పాకం బిళ్ళ ఒకటి డెషూట్స్, క్రుకెడ్ పాయల మధ్య గోడలా నిలబడి ఉంది. దాన్ని ద్వీపం అనే పిలుస్తారు. పశువులు పెద్దగా మేయని పాత గడ్డి నేల అని దాని పైకి ఎవరినీ ఊరికే పోనివ్వరు.

"మన గండికోట మాదిరే ఉండాది," అన్నాడు నాయన. రెండు నిమిషాలాగి, "కాకపోతే అది ఎర్రగుంటాది," అన్నాడు.

ఇక పైనా కిందా సంగతి. పై క్యాంప్‌గ్రౌండ్‌లో పచ్చిక ఉంది, ప్రతి సైట్‌కీ కరెంటూ నీళ్ళూ ఉన్నాయి, దూరాన జెఫర్సన్ కొండ మంచు కనిపిస్తుంది. నీడ మాత్రం తక్కువ. మధ్యాహ్నం మూడైతే గాలి లేస్తుంది. మొదటి రోజే బావమరిది వేసిన గుడారపు పందిరి పక్క సైట్ వాళ్ళ పిక్నిక్ బల్ల మీద వాలింది. కింద క్యాంప్‌గ్రౌండ్‌లో చెట్ల నీడ ఉంది, గాలి తక్కువ, ఈతకి నడిచే పోవచ్చు. అయితే సాయంత్రం గోడలన్నీ వేడి కక్కుతాయి. మేమున్న రోజు మధ్యాహ్నం ఎండ 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది, తెల్లవారుజామున మాత్రం దుప్పటి కావాల్సి వచ్చింది. మా ఫోన్లలో సిగ్నల్ లేదు. పెద్దవాళ్ళుంటే అది టెన్షనే. మందులు, ఆస్పత్రి ఎంత దూరం అన్నీ పైనుండగానే చూసుకుని దిగండి.

వంట దగ్గర తేలింది అసలు తేడా. వేసవి మధ్యలో నిప్పు నిషేధం, కట్టెల పొయ్యి పనికిరాదు. మాకు గ్యాస్ స్టవ్ ఒక్కటే. బావమరిదికి కరెంటు ఉంది కాబట్టి రైస్ కుక్కర్ పైన. రోజూ రెండు పూటలా అన్నం పైన వండి, ఖాళీ ఐస్ బాక్సులో తువ్వాలు చుట్టి, మలుపుల రోడ్డు మీద కిందికి దించాం. మూత తీస్తే ఇంకా ఆవిరి వచ్చేది. చారు, వంకాయ కూర కింద. ఈ సరఫరా వ్యవస్థ చూసి మా ఆవిడ, "వచ్చేసారి ఇద్దరూ ఒకేచోట తీసుకోండి, లేకపోతే నేను రాను," అంది. ఒకటే ఎంచుకోమంటే నా ఓటు కిందికే. పొద్దున ఆరింటికి టెంటు జిప్పు తీయగానే ఎదురుగా ఆ రాతిగోడ మీద మొదటి ఎండ పడుతుంటే చూడటం పైనున్నవాళ్ళకి దొరకదు. చిన్నపిల్లల తల్లిదండ్రులు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం పైనే ఉండండి.

రెండో రోజు టామ్-అ-లావ్ కాలిబాట ఎక్కాం. మొత్తం ఏడు మైళ్ళకి కాస్త తక్కువ, ఎక్కుడు ఆరు వందల అడుగుల దాకా. ఎక్కుడంతా మొదట్లోనే అయిపోతుంది, తర్వాత పైన చదునుగా గుండ్రంగా తిప్పుకుని వస్తుంది. దారిలో నీళ్ళు లేవు, నీడ లేదు. ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకి దిగాం. పదకొండింటికి ఎక్కబోతున్నవాళ్ళ మొహాలు చూస్తే జాలేసింది. ఈ నేలలో రాటిల్ స్నేక్స్ అనే విషపు పాములు ఉంటాయి, మాకు కనపడలేదు గానీ పిల్లల్ని బాట దిగనివ్వలేదు. పైన చివరి కొసకి పోతే రెండు పాయలూ, నడుమ ద్వీపమూ ఒకేసారి కనిపిస్తాయి. ఈ యాత్రలో ఒక్క పనే చేసే టైముంటే ఇదే చేయండి, పడవ కూడా వద్దు.

పడవ వద్దన్నానని తక్కువ చేయడం లేదు. పడవల రేవు మెరీనాలో పాంటూన్ పడవ, అంటే తెప్పలా చదునుగా ఉండే మోటారు పడవ, ముందే బుక్ చేసుకున్నాం. అద్దె గట్టిగానే ఉంటుంది, రెండు కుటుంబాలు పంచుకుంటేనే గిట్టుబాటు. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో బయల్దేరే ముందే వేసి చూసుకోండి. క్రుకెడ్ పాయలో మొదలుపెట్టి ద్వీపం కొస చుట్టి మెటోలియస్ పాయలోకి పోతే చెయ్యి ముంచగానే తేడా తెలిసిపోతుంది. మెటోలియస్ బ్లాక్ బ్యూట్ అనే కొండ పాదం దగ్గర ఊటల్లోంచి పుట్టిన నది, జులైలోనూ జివ్వుమంటుంది. అటు ఉత్తరపు గట్టు వార్మ్ స్ప్రింగ్స్ అనే నేటివ్ అమెరికన్ తెగల భూమి. ఆ పాయలో చేపలు పట్టాలంటే రాష్ట్రం లైసెన్స్‌తో పాటు తెగల పర్మిట్ కూడా కావాలి. కోకనీ అనే చిన్న సాల్మన్ కోసం గేలాలతో వచ్చినవాళ్ళు చాలామందే కనిపించారు.

మేము మోసపోయింది కయాక్‌ల దగ్గర, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవల దగ్గర. ఇంటి దగ్గరే ఒక షాపులో గాలి కొట్టే కయాక్‌లు రెండు అద్దెకి తెచ్చాం. ఒడ్డున విప్పి చూస్తే పంపు మూతి ఒక సైజు, వాల్వు ఇంకో సైజు. గంటన్నర కుస్తీ పట్టాక పక్క సైట్ పెద్దాయన తన పంపు ఇచ్చాడు. ఎక్కేసరికి మధ్యాహ్నం, మోటారు పడవల అలలకి పిల్లలు హడలిపోయారు. కయాక్ అంటే పొద్దున తొమ్మిది లోపే. పదడుగులు దాటినవాటికి ఆరెగాన్‌లో వాటర్‌వే పర్మిట్ కూడా ఉండాలి, ఆ సంగతి కూడా షాపు వాళ్ళు చెప్పలేదు.

మూడో పొద్దున నాయనతో క్యాంప్‌గ్రౌండ్ దగ్గరి రోడ్డు పక్కనున్న బండ చూడ్డానికి పోయాం. పెద్ద గుండు. దాని మీద పాతకాలపు వాళ్ళు చెక్కిన గీతలు, సున్నాలు. కింద నది ఒడ్డున ఉండేదట, నీళ్ళు నింపే ముందు పైకి తెచ్చి పెట్టారు. పాత పార్కు కూడా కిందే ఉండేది, అదిప్పుడు నీళ్ళ అడుగున ఉంది. నాయన గీతల మీద వేలు పెట్టకుండా గాల్లోనే వాటి వెంట వేలు తిప్పాడు. మా మేనత్త వాళ్ళది తాళ్ళప్రొద్దుటూరు. గండికోట రిజర్వాయర్ నిండినప్పుడు 2020లో ఊరు మునిగింది.

"బండని తెచ్చుకున్న్యారు," అన్నాడు. తర్వాత, "ఈ నీళ్ళు యాడికి పోతాయి రా? ఆ క్యారెట్ చేండ్లకా?"

కాదు నాయనా, ఈ డ్యామ్ కరెంటు కోసమే కట్టింది, డ్యామ్ దాటినవి నదిలోనే దిగువకి పోతాయి అన్నాను. ఆ చేలకి నీళ్ళు ఎక్కడో ఎగువన వికియప్ రిజర్వాయర్ నుంచి కాలవలో వస్తాయి. కరువు ఏళ్ళలో ఆ కాలవకే కోత పడి, ఇక్కడి రైతులు పొలాలు బీడు పెట్టుకున్నారు. పక్కన ఇంత సరస్సు పెట్టుకుని. ఇదంతా విని ఆయన ఏమీ అనలేదు. కరెంటు ఆదాయంలో వార్మ్ స్ప్రింగ్స్ తెగలకి వాటా ఉందని, వాళ్ళు కరెంటు కంపెనీతో పాటు ఈ డ్యామ్‌కి ఓనర్లని చెప్పినప్పుడు మాత్రం "అట్లనా?" అని నా వైపు తిరిగాడు. సరస్సు పేరు కూడా వాళ్ళ మనిషిదే. వాస్కో తెగవాడైన బిల్లీ చినూక్ 1843లో పడమటి నేలలు వెతుకుతూ వచ్చిన ఫ్రీమాంట్ బృందంతో పాటు దారి చూపుతూ నడిచాడు, ఈ తెగలు అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1855 ఒడంబడిక మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు.

తిరుగు ప్రయాణంలో స్మిత్ రాక్ అనే రాతి కొండల పార్కు కూడా చూద్దామనుకున్నాం. పార్కింగ్ దొరక్క వెనక్కి వచ్చేశాం. ఆదివారం పదింటికి అక్కడికి పోవడం మాది బుద్ధి తక్కువ.

మ్యాడ్రస్‌లో పెట్రోలు కొట్టిస్తుంటే సిగ్నల్ వచ్చింది. నాయన వెంటనే మేనత్తకి వీడియో కాల్ చేశాడు.

"అక్కా, మద్రాసులో ఉండా."

"ఎప్పుడు దిగినావు రా? చెప్పనే లేదే! పాత ఇల్లు అనుకోని తాళ్ళప్రొద్దుటూరుకి పొయ్యేవు, కాలనీకి రా."