యోహానిస్‌బర్గ్ కోటలో ఒక నిమ్మ రైతు

మాది పొదలకూరు దగ్గర. ముప్ఫై ఏళ్లుగా నిమ్మతోట చేస్తున్నాను. కాయ పచ్చిగా ఉండగానే కోసి యార్డుకు తోలాలి. రెండు రోజులు ఆలస్యమైతే పండుబారి ఢిల్లీ లారీకి పనికిరాదు. అందుకే జర్మనీలోని యోహానిస్‌బర్గ్ కోట ప్రాంగణంలో, గుర్రపు రౌతు విగ్రహం ముందు నా కాళ్లు కదలలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న మా అమ్మాయి "నాన్నా, నీకు నచ్చే చోటు" అంటూ అక్టోబరులో తీసుకెళ్లింది. గైజెన్‌హైమ్ స్టేషన్‌లో రైలు దిగి ద్రాక్షతోటల మధ్య ఎక్కుడు దారిలో నడిచాం. పైన పసుపురంగు కోట, కింద రైన్ నది.

1716లో ఈ కొండ ఫుల్డా అనే ఊరి క్రైస్తవ మఠాధిపతి చేతికి వచ్చింది. 1720లో రీస్లింగ్ ద్రాక్ష నాటించారు. కోత మొదలుపెట్టాలంటే ఫుల్డా నుంచి అనుమతి రావాలి. 1775లో ఆ కబురు తెచ్చే రౌతు రోజుల తరబడి రాలేదట. తీగల మీదే పండ్లు ముడుచుకుపోయి బూజు పట్టాయి. అయినా పారబోయకుండా కోసి పిండారు. నీరు ఇగిరి తీపి చిక్కబడిన ఆ రసమే అద్భుతమైన వైన్ అయింది. 'స్పేట్‌లేసే', అంటే ఆలస్యపు కోత, అలా ఒక పద్ధతిగా నిలిచింది. పంట కళ్లముందే చెడిపోతుంటే కబురు కోసం దారి చూసిన ఆ తోటవాళ్ల గుండెకోత నాకు తెలుసు.

నాకు తాగే అలవాటు లేదు. స్పేట్‌లేసే మాత్రం రెండు గుక్కలు రుచి చూశాను. మొదట తేనె తీపి, వెంటనే నాలుక అంచున పులుపు. ఆ పులుపు నాకు పాత చుట్టమే.

1816లో ఆస్ట్రియా చక్రవర్తి ఈ కోటను తన విదేశాంగ మంత్రి మెటర్నిక్‌కు ఇస్తూ పంటలో పదో వంతు తనకు చెల్లించాలన్నాడు. 1942లో బాంబులు పడి కోట ధ్వంసమైతే మళ్లీ కట్టుకున్నారు. 1514లో కృష్ణదేవరాయలు గెలిచిన మన ఉదయగిరి కోటలో కూలిన గోడలు, ముళ్లపొదలు చూసి దిగివచ్చిన రోజు గుర్తొచ్చి మనసు బరువెక్కింది. అక్కడా కొండ ఉంది, చరిత్ర ఉంది.

వెళ్లేవారు కోతల కాలంలోనే వెళ్లండి. మంచి బూట్లు వేసుకోండి. వైన్ తాగని వారికీ ఆ నడక, నది చాలు. తిరిగి దిగుతుంటే కోత కోస్తున్న ఒకామె, అమ్మాయి అడగగానే, ముడుచుకుపోయిన ద్రాక్షపండు ఒకటి తెంపి నా అరచేతిలో పెట్టింది. బూజు తుడవకుండానే నోట్లో వేసుకున్నాను.