రోమ్‌లో ఒక పూట సాన్ క్లెమెంటే చర్చికి ఉంచుకోండి

రోమ్‌లో నాలుగు రోజులున్నాం, నేనూ అమ్మా. అందరిలాగే ముందు వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చికే వెళ్లాం. లోపలికి టికెట్ లేదు కానీ సెక్యూరిటీ క్యూలోనే గంటన్నర పట్టింది. గోపురం పైకి 551 మెట్లు, లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి. అమ్మ మోకాళ్లకి అది అయ్యే పని కాదు, మానేశాం. చూడాల్సిందే, కానీ ఆ జనంలో ఏదీ తీరిగ్గా చూడలేకపోయాం.

నా మనసు నిండింది సాన్ క్లెమెంటేలో. కొలోసియం నుంచి నడిచిపోయే దూరమే. పైన ఉన్నది 12వ శతాబ్దపు చర్చి. దాని కింద 4వ శతాబ్దపు చర్చి, ఇంకా కిందికి దిగితే రోమన్ల కాలం నాటి కట్టడాలు, అప్పటి రోమన్లు కొలిచిన మిత్రాస్ అనే దేవుడి గుడి. మన వేదాల్లోని మిత్రుడి పేరూ ఈ పేరూ ఒకే మూలం నుంచి వచ్చినవే. ఇదంతా మట్టిలో కప్పబడిపోయి ఉంటే 1857లో ఇక్కడి ఐరిష్ ఫాదర్ ఒకాయన తవ్వకాలు మొదలుపెట్టారు.

మధ్య అంతస్తులో గోడమీద వెలిసిపోయిన బొమ్మ ఒకటుంది, వదలకండి. ఈ చర్చికి ఎవరి పేరుందో ఆ సెయింట్ క్లెమెంట్‌ని కట్టి లాక్కెళ్తున్నామనుకుని పనివాళ్లు రాతి స్తంభాన్ని లాగుతుంటారు. యజమాని వాళ్లని తిట్టే బూతుమాట కూడా పక్కనే రాసి ఉంది, అదీ లాటిన్‌లో కాదు, అప్పటి జనం మాట్లాడే భాషలో! 11వ శతాబ్దం చివరిదట. ఇటాలియన్ రాతలో అతి పాత నమూనాల్లో ఇదొకటి. అట్టడుగున చీకట్లో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడిపోయింది.

పై చర్చి ఉచితం, కిందికి దిగడానికే టికెట్. మెట్లున్నాయి, నెమ్మదిగా దిగొచ్చు. మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు, టైమ్ చూసుకుని వెళ్లండి. ఏ చర్చికైనా భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చున్నీ ఒకటి బ్యాగులో ఉంటే టెన్షన్ ఉండదు.

పియాజ్జా నవోనా అనే చౌక్ పక్కన సాన్ లుయీజీ చర్చిలో కారవాజ్జో అనే పాతకాలపు చిత్రకారుడి బొమ్మలు మూడున్నాయి, ఉచితమే. లైటు వెలగాలంటే డబ్బాలో నాణెం వేయాలి. చిల్లర దగ్గరుంచుకోండి, చూస్తుండగానే ఆరిపోతుంది.

మేం దిగింది టెర్మినీ స్టేషన్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్‌లో. బస్సులు, మెట్రో అన్నీ పక్కనే, ఆ ఏరియా మాత్రం బాగా కలిసొచ్చింది. కానీ లిఫ్ట్ పనిచేయడం లేదని ముందు చెప్పలేదు. అమ్మ రోజూ మూడంతస్తులు ఎక్కాల్సి వచ్చింది, నాకు చాలా బాధేసింది. సిటీ ట్యాక్స్ (టూరిస్టుల దగ్గర తీసుకునే ఊరి పన్ను) కూడా విడిగా కట్టించుకున్నారు. పెద్దవాళ్లతో వెళ్తుంటే బుక్ చేసే ముందే ఈ రెండూ మెసేజ్ పెట్టి అడగండి.