మార్కులా, నక్షత్రాలా, మాటలా: స్పోర్ట్ సెడాన్ రివ్యూల్లో ఏది మేలు?

బీఎండబ్ల్యూ ఎం340ఐ, మెర్సిడెస్ ఏఎంజీ సీ43, ఆడి ఎస్5 లాంటి కార్లను పక్కపక్కన పెట్టినప్పుడు ఒక పత్రికలో మొదట నిలిచిన కారు ఇంకో పత్రికలో మూడో స్థానానికి జారిపోవచ్చు. వెంటనే వచ్చే అనుమానం: కంపెనీ దగ్గర డబ్బు తీసుకున్నారేమో అని. చాలాసార్లు అసలు సంగతి అంతకంటే సాదాగా ఉంటుంది. ఇద్దరి దగ్గరా ఉన్న కొలబద్దలు వేరు. ఆ కొలబద్ద ఏదో తెలియకుండా వరస చూసి ఇంత ఖరీదైన కారు ఎంచుకోవడం ప్రమాదం.

వాడుకలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా మూడు. అమెరికాలో కార్ అండ్ డ్రైవర్, జర్మనీలో ఆటో మోటార్ ఉండ్ స్పోర్ట్ మార్కుల పట్టిక వేస్తాయి. బ్రిటన్‌లో ఆటోకార్ ఐదింటికి ఇన్ని అని నక్షత్రాలు ఇస్తుంది. ఇంకొన్ని పత్రికలు ఏ అంకే లేకుండా వరస చెప్పి, కారణం మాటల్లో రాస్తాయి. కొనాలనుకుని చదివేవాళ్లకు మార్కుల పట్టికే మేలు. కాకపోతే చూడాల్సింది అడుగున ఉన్న మొత్తాన్ని కాదు, మధ్య గడులను. స్టీరింగ్, రైడ్ (గతుకుల మీద కారు కుదుపులు) సంగతికొస్తే మాటలే గతి. ఈ తరగతి కార్ల మధ్య తేడా తేల్చడానికి నక్షత్రాలు పెద్దగా పనికిరావు.

కార్ అండ్ డ్రైవర్ చాలా ఏళ్లు వాడిన పట్టికకు మొత్తం 240 మార్కులు. కారుకు 100, ఇంజిన్-గేర్‌బాక్స్‌కు 55, ఛాసిస్‌కు 60, నడపడంలోని సరదాకు 25. అందులో కొన్ని గడులు కొలతల నుంచి లెక్కగట్టినవి: వెనక సీటు చోటుకు 5, డిక్కీకి 5, ఫీచర్లకు 10, రాయితీలూ అదనపు ప్రయోజనాలకూ 5, ధరకు 20, పావు మైలు పరుగుకు 20, టాప్ గేర్ పికప్‌కు 5, మైలేజీకి 10, ఛాసిస్ పనితీరుకు 20. ఇవన్నీ కలిపితే సరిగ్గా 100. మిగిలిన 140 మార్కులు నడిపినవాళ్ల తీర్పు. అంటే సగానికి పైగా అభిప్రాయమే. ఇది లోపం కాదు. స్టీరింగ్ చేతికి ఏం చెబుతోందో కొలిచే యంత్రం లేదు కదా. పైగా సరదాకు విడిగా ఒక గడి పెట్టి, ఇది మా ఇష్టం అని బాహాటంగా ఒప్పుకోవడం పాఠకుడికి మేలే చేస్తుంది. ఇష్టం మిగతా గడుల్లోకి దొంగచాటుగా దూరిపోకుండా ఒకచోట కనిపిస్తుంది, కావాలంటే తీసేసుకోవచ్చు.

తీసేస్తే ఏమవుతుందో ఊహించిన అంకెలతో చూద్దాం. మొదటి కారుకు 205, రెండోదానికి 201. మొదటిదానికి సరదాలో 23, స్టీరింగ్‌లో 9, రైడ్‌లో 6, వెనక సీటు సౌకర్యంలో 3, చోటులో 3. రెండోదానికి వరసగా 18, 7, 9, 5, 5. ఈ ఐదు గడులూ కలిపితే రెండింటికీ 44 చొప్పునే. ఇప్పుడు ఇంట్లో కారు వాడేది డ్రైవరుతో, అమ్మానాన్నలు వెనక కూర్చుంటారు అనుకుంటే, వెనక సీటు రెండు గడులనూ మూడింతలు చేయాలి, సరదాను సగం చేయాలి. మొదటిది 205.5 దగ్గరే ఆగుతుంది. రెండోది 212కు చేరుతుంది. కారు మారలేదు, కొలతలు మారలేదు, వరస తిరగబడింది. పట్టిక అచ్చేసిన పత్రికల్లో ఈ పని పది నిమిషాల్లో కాగితం మీద చేసుకోవచ్చు. నక్షత్రాలతో చేయడం కుదరదు.

జర్మన్ పట్టిక తీరు ఇంకోలా ఉంటుంది. బాడీ, భద్రత, సౌకర్యం, ఇంజిన్, రోడ్డు మీద నడక, పర్యావరణం అని విభాగాలు. ముందు కారు గుణాలకు మార్కులు వేసి ఒక వరస తేలుస్తారు, తర్వాత ధర, నిర్వహణ ఖర్చులు కలిపి ఇంకోటి తేలుస్తారు. ఈ విడదీత మనకు బాగా కలిసొస్తుంది. జర్మనీ ఇన్సూరెన్సు, అక్కడి పన్నులు, అక్కడి ధరలు హైదరాబాద్ ఆన్-రోడ్ ధరకు ఏ మాత్రం పనికిరావు. కాబట్టి ఖర్చులు కలపకముందు ఉన్న వరస తీసుకుని, ఖర్చుల చోట ఇక్కడి డీలర్ ఇచ్చిన కొటేషన్, ఐదేళ్ల సర్వీస్ ప్యాకేజీ, నాలుగు టైర్ల ధర పెట్టుకోవాలి. బ్రేకుల్ని చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా పరీక్షించడం, లోపలి శబ్దాన్ని వేర్వేరు వేగాల్లో కొలవడం, 18 మీటర్లకొకటి చొప్పున కోన్లు పెట్టి వాటి మధ్య మెలికలు తిరుగుతూ స్లాలం నడపడం వీళ్ల ప్రత్యేకత. కుటుంబంతో హైవే మీద తిరిగే కారుకు పావు మైలు పరుగు కంటే ఈ కొలతలే ఎక్కువ చెబుతాయి.

అంకెలు మోసం చేయవు, కొలిచే తీరు తెలియకపోతే మనమే మోసపోతాం

ఒకే కారుకు అమెరికా పత్రిక 4.0 సెకన్లు అంటుంది, మన పత్రిక 4.5 అంటుంది. రెండూ నిజమే. అక్కడ కొలిచేది 0 నుంచి 60 మైళ్లు, అంటే 96.6 కిలోమీటర్ల వేగం. 100కు చేరడానికి ఇలాంటి కారుకు ఇంకో 0.2 నుంచి 0.3 సెకన్లు పడుతుంది. పైగా అమెరికాలో ‘ఒక అడుగు రోలౌట్’ అలవాటు ఉంది. డ్రాగ్ రేస్ ట్రాక్‌లో ముందు చక్రం కాంతి పుంజాన్ని అడ్డుకుని నిలబడుతుంది. చక్రం దాదాపు అడుగు దొర్లాక ఆ పుంజం వదులుతుంది, గడియారం మొదలయ్యేది అప్పుడే. ఆ అడుగు లెక్కలోంచి పోతే మరో 0.2 నుంచి 0.3 సెకన్లు తగ్గుతాయి. ఒక దేశపు అంకెను ఇంకో దేశపు అంకె పక్కన పెట్టి ఈ కారే వేగం అని తీర్పు చెప్పేయడం ఇంటర్నెట్‌లో రోజూ జరిగే పొరపాటు.

కార్ అండ్ డ్రైవర్ పట్టికల్లో చాలామంది దాటేసే ఒక అంకె ఉంటుంది: 5 నుంచి 60 మైళ్లు. కారు పాకుతూ ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కి కొలుస్తారు. లాంచ్ కంట్రోల్‌లో, అంటే నిలబడ్డ చోటు నుంచి గరిష్ఠ వేగంతో దూకించే ఏర్పాటులో, బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కి టర్బోను ముందే నింపుకునే వీలుంటుంది. ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే 0-60లో 4.0 చేసిన టర్బో కారు ఇందులో 5.0 దాకా పోవడం మామూలే. ఓఆర్ఆర్ టోల్ దాటి వేగం అందుకునేటప్పుడు చేతికి వచ్చే కారు ఈ రెండో అంకెది. మన పత్రికలు ఇచ్చే 20-80, 40-100 కిక్‌డౌన్ (వెళ్తుండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొలిచిన) అంకెలు కూడా ఇదే పని చేస్తాయి. విజయవాడ హైవేలో లారీని దాటేటప్పుడు కావాల్సింది 40-100.

బ్రేకుల అంకెల మీద మాత్రం ఆగి చూడాలి. 100 వేగం నుంచి ఒకటి 33 మీటర్లలో ఆగింది, ఇంకోటి 36 మీటర్లలో. మూడు మీటర్లే కదా, మార్కుల్లో ఒకటో రెండో తేడా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండోది ఇంకా దాదాపు 29 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఉంటుంది. మనిషిని గుద్దితే ఆసుపత్రి పాలు చేసే వేగం అది. సరదా గడిలో రెండు మార్కులకూ ఇక్కడి రెండు మార్కులకూ పోలికే లేదు. మొత్తం కూడేసినప్పుడు మాత్రం రెండూ ఒకటే అయిపోతాయి.

అయితే ఆ మూడు మీటర్లు కారువా, టైర్లవా? ఏ పోలికలోనైనా మొదట చదవాల్సింది స్పెసిఫికేషన్ గడిలో టైరు పేరు. ఒక కంపెనీ తన కారును వేసవి టైర్లతో పంపి, ఇంకో కంపెనీ ఆల్-సీజన్ టైర్లతో పంపితే, బ్రేకు దూరం, వృత్తాకార ట్రాక్‌లో పట్టు, స్లాలం మూడూ ఒక్క దెబ్బతో మారిపోతాయి. పరీక్షకు వచ్చేవి ఎక్కువగా కంపెనీలు ఇచ్చిన ప్రెస్ కార్లే, ఖరీదైన ఆప్షన్లన్నీ వేసి వస్తాయి. అడాప్టివ్ సస్పెన్షన్ (రోడ్డును బట్టి గట్టిదనం మార్చుకునే సస్పెన్షన్) ఉన్న కారు రైడ్‌కు తెచ్చుకున్న మార్కులు అది లేని వేరియంట్‌కు చెల్లవు. షోరూముల్లో కారు కొని పరీక్షించే అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్‌కు ఈ చిక్కు తక్కువ. పైగా అది యజమానుల సర్వేల నుంచి వచ్చే రిపేర్ల చరిత్రను కూడా స్కోరులో కలుపుతుంది. ఆల్ఫా రోమియో గియులియా 2018లో అమెరికా పత్రిక మోటార్ ట్రెండ్ ఇచ్చే కార్ ఆఫ్ ద ఇయర్. నమ్మకం విషయంలో మాత్రం కన్స్యూమర్ రిపోర్ట్స్ దగ్గర దాని పేరు అంత బాగా లేదు. ఒకరు కొన్ని రోజుల నడకకు మార్కులు వేశారు, ఇంకొకరు యజమానుల ఏళ్ల అనుభవాన్ని కూడా చూశారు. వారంటీ తర్వాత కూడా ఉంచుకునేవాళ్లకు రెండోదే ముఖ్యం.

మాటలు ఎక్కడ గెలుస్తాయి

డేవిడ్ ఇ. డేవిస్ జూనియర్ 1968 ఏప్రిల్‌లో కార్ అండ్ డ్రైవర్‌లో బీఎండబ్ల్యూ 2002 గురించి రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో ఇప్పటికీ తలుచుకుంటారు. దాని బలం పట్టికలో లేదు, ఆ కారు నడుపుతుంటే ఎలా ఉంటుందో చెప్పిన మాటల్లో ఉంది. మంచి రాత స్టీరింగ్ ‘బాగుంది’ అని వదిలేయదు. నేరుగా వెళ్తున్నప్పుడు బిగువుగా ఉందా, మలుపులోకి దిగాక బరువు పెరుగుతోందా, స్పోర్ట్ మోడ్‌లో బరువు పెరిగినా రోడ్డు కబురు అందుతోందా లేదా అని విడదీసి రాస్తుంది. రైడ్ గురించి కూడా అంతే: చిన్న గతుకుల మీద ఎలా ఉంది, అంచు కోసుకుపోయిన గుంత మీద ఎలా ఉంది అని వేరుగా చెప్పాలి. రన్-ఫ్లాట్ టైర్ల (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) గోడలు గట్టిగా ఉంటాయి, రెండో రకం గుంతలోనే వాటి గుణం బయటపడుతుంది. రైడ్‌కు పదికి ఏడు అన్న అంకె ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టేస్తుంది.

నక్షత్రాల విషయం త్వరగా తేల్చేయొచ్చు. ఆటోకార్ 1928 నుంచి రోడ్ టెస్టులు చేస్తోంది, వాళ్ల కొలతల క్రమశిక్షణకు పేరుంది. కానీ ఈ తరగతిలో దాదాపు అన్నీ నాలుగూ నాలుగున్నర దగ్గరే గుమిగూడతాయి. పైన నక్షత్రాలు వదిలేసి కింద లోపాలు రాసిన పేరా చదవాలి.

మన రోడ్ల దగ్గరికొస్తే, విదేశీ పోలికలో కారు పేరు ఒకటే అయినా వస్తువు వేరు కావచ్చు. మన దగ్గర అమ్మిన బీఎండబ్ల్యూ 3 సిరీస్ గ్రాన్ లిమౌజిన్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,961 మిల్లీమీటర్లు, యూరప్ కారుది 2,851. ఆ 110 మిల్లీమీటర్ల తేడా వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లకు సుఖం, మలుపుల చురుకుకు కొంత నష్టం, స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట రాసుకునే అవకాశం కొంచెం ఎక్కువ. అక్కడి హ్యాండ్లింగ్ మార్కులు దీనికి అంటించకూడదు. పెట్రోల్ కూడా అంతే. మామూలు బంకులో చాలాకాలం దొరికింది 91 ఆక్టేన్. అలాంటి పెట్రోల్‌తో, ఎక్కువ ఆక్టేన్‌కు తయారైన టర్బో ఇంజిన్ నాక్ (ఇంధనం అదుపు తప్పి మండటం) రాకుండా ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, పికప్ తగ్గుతుంది. 95 పోయిస్తే చాలావరకు సర్దుకుంటుంది. మే నెల మధ్యాహ్నం గాలి వేడి కూడా ఇంజిన్ శక్తిని తగ్గించేదే. కార్ అండ్ డ్రైవర్ పరుగు సమయాలను వాతావరణానికి సవరించి అచ్చేస్తుంది, మన ఎండకు ఆ సవరణ ఎవరూ చేసిపెట్టరు.

పట్టికలు చదివి రెండు కార్ల దగ్గర ఆగాక టెస్ట్ డ్రైవ్‌ను కూడా పోలికలాగే నడపాలి. రెండు కార్లకూ ఒకే రోజు, ఒకే దారి. బయల్దేరే ముందు టైర్లలో గాలి డోర్ పక్కన ఉన్న స్టిక్కర్ ప్రకారం ఉందో లేదో చూడాలి. షోరూమ్ డెమో కార్లలో గాలి ఎక్కువ కొట్టి ఉండొచ్చు, దాంతో రైడ్ లేనిపోని గట్టిగా అనిపిస్తుంది. వెనక ఇద్దర్ని, ముందు ఒకర్ని ఎక్కించుకుని ఇంటి దగ్గర ఎత్తైన స్పీడ్ బ్రేకర్ ఒకటి దాటించాలి. ఆ తర్వాత పది నిమిషాలు వెనక సీట్లో కూర్చోవాలి. స్టెప్నీ ఉందా, రన్-ఫ్లాటా అని డిక్కీ ఎత్తి చూడాలి. రన్-ఫ్లాట్ అయితే గాలి పోయాక సాధారణంగా 80 వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకానే వెళ్లగలదు. ఆ దూరంలో ఆ సైజు టైరు దొరుకుతుందా అన్నది శ్రీశైలం ఘాట్‌లో అడగాల్సిన ప్రశ్న కాదు, కొనే రోజే అడగాలి.