స్టార్లా, బోర్డు మీద పేర్లా, అలవాట్లా: చిన్న తరగతులకు ఏది మేలు?

మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో, డీఎస్సీ రాసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓ అమ్మాయి నా పక్కన కూర్చుంది. టీ వచ్చేలోపే అడిగేసింది: “మేడం, నాది మూడో తరగతి. ముప్పై ఒక్క మంది. ఒకణ్ణి కూర్చోబెడితే ముగ్గురు లేస్తున్నారు. మంచిగా ఉన్నవాళ్ల పేరు ముందు స్టార్ అంటించే చార్ట్ గోడకి పెట్టమంటారా, క్లాస్ లీడర్ చేత అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించమంటారా?”

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఈ రెండూ చేశాను. రెండూ మానేసి, అలవాట్లు నేర్పే మూడో దారి పట్టాను. టీ తాగేలోపు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

బెత్తాన్ని ఈ పోలికలోకే తీసుకురాను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నా లెక్కలో గోడకుర్చీ, గుంజీలు, నలుగురిలో “మొద్దు” అనడం అన్నీ అందులోకే వస్తాయి. “కళ్లు రెండూ వదిలేసి తోలు తీయండి టీచర్, మేమేం అనుకోం” అనే తల్లిదండ్రులు ఇప్పటికీ వస్తారు. వాళ్లకి కుర్చీ వేసి, ఇంట్లో పిల్లాడు ఏ పని ఇష్టంగా చేస్తాడో అడిగి పంపిస్తాను. ఆ కబురు నాకు తరగతిలో పనికొస్తుంది.

ముందు లీడర్ సంగతి. బోర్డుకి ఎడమ మూల ఒక గీత, పైన “అల్లరి చేసినవారు”, కింద పేర్లు, పేరు పక్కన ఇంటూ రెండు, ఇంటూ మూడు. టీచరు హాజరు యాప్‌లో వేస్తూనో, మధ్యాహ్న భోజనం లెక్క చూస్తూనో ఉన్న పది నిమిషాలూ గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం ఎంత హాయో నాకు తెలుసు కాబట్టే దాని ఖరీదు కూడా చెప్పాలి. సుద్దముక్క పట్టుకున్న పిల్లాడికి పెన్సిళ్లు, రబ్బర్లు, రేగుపళ్లు ముట్టజెప్పడం వారం తిరక్కుండానే మొదలవుతుంది. రోజూ అవే నాలుగైదు పేర్లు వస్తాయి. ఒకరోజు నేను తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఓ పేరు ఇంటూ మూడుతో ఉంది. ఆ పిల్లాడు ఆ రోజు బడికే రాలేదు. లీడర్ని అడిగితే తడుముకోకుండా చెప్పాడు, “వాడు ఎప్పుడూ ఉంటాడు కదా టీచర్.” ఆ మూలనున్న గీత అప్పుడే తుడిచేశాను. మళ్లీ గీయలేదు.

స్టార్ చార్ట్ అంత చెడ్డది కాదు. త్వరగా పనిచేస్తుంది, పిల్లల మొహాలు వెలుగుతాయి. గంట కొట్టగానే లోపలికి రావడం, పలక తుడిచి పెట్టుకోవడం లాంటి ఒక్క చిన్న పని నేర్పడానికి బాగానే ఉపయోగపడుతుంది. చిక్కంతా అది ఆ ఒక్క పని దగ్గర ఆగకపోవడంతోనే. నేను చదవడానికి కూడా స్టార్లు పెట్టాను. అంతకుముందు భోజనమయ్యాక తనంతట తాను కథల పుస్తకం తీసుకునే రెండో తరగతి పాప, నెల తిరిగేసరికి పుస్తకం చేతిలో పట్టుకుని నా దగ్గరకొచ్చి, “ఇది చదివితే స్టార్ ఉందా టీచర్?” అంది. లేదంటే అరలో పెట్టేసి వెళ్లిపోయింది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ఆశ చూపించి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, స్వేచ్ఛగా ఆడుకునే వేళలో ఆ పిల్లలు బొమ్మల మీద పెట్టే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా, గీశాక సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఆ నష్టం కనబడలేదు. కాబట్టి పిల్లలు ఇష్టంగా చేస్తున్న పనికి కూలీ కట్టకూడదని నేను తేల్చుకున్నాను.

ఇంకో బాధ, చార్టులో ఒక్క స్టారూ లేని వరస. అక్షరాలే రాని పిల్లాడి పేరు ముందు ఖాళీ గళ్లు జూన్ నుంచి దసరా దాకా గోడ మీదే ఉంటాయి. నా తరగతిలో ఒకడు చార్ట్ కనబడకుండా ఆ గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. ఎందుకలా కూర్చుంటున్నాడో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

బహుమతి పెట్టాలనుకుంటే తరగతి మొత్తానికి కలిపి పెట్టండి. నా బల్ల మీద ఒక గాజు సీసా ఉండేది. ఇంటర్వెల్ నుంచి అందరూ వేళకి వచ్చి కూర్చుంటే అందులో ఒక చింతగింజ. సీసా నిండితే ఆ సాయంత్రం ఖోఖో. వేసిన గింజ తీయకూడదు, ఫలానా వాడి వల్లే ఇవాళ గింజ రాలేదని ఎవరూ అనకూడదు. నెల తర్వాత సీసా తీసేశాను. ఎవరూ అడగలేదు, అప్పటికి వేళకి రావడం అలవాటైపోయింది.

ఇక నేను పట్టిన దారి. అల్లరి ఎక్కణ్నుంచి పుడుతోందో ఒక వారం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పిల్లల పేర్లు రాయలేదు, వేళ మాత్రమే రాశాను. వారం చివర చూస్తే దాదాపు అన్నీ నాలుగు చోట్లే పోగుపడ్డాయి: పొద్దున లోపలికి వచ్చాక మొదటి పది నిమిషాలు, నీళ్లకీ బాత్రూముకీ అడిగే వేళ, పని ముందే అయిపోయిన పిల్లలు ఖాళీగా కూర్చున్నప్పుడు, పాఠం అస్సలు అందని పిల్లలు ఖాళీగా కూర్చున్నప్పుడు. పని లేని చేతులే గోల చేస్తున్నాయి.

మొదటిదానికి, ప్రేయర్‌కి ముందే బోర్డు మీద ఒక పని రాసి ఉంచుతాను. పిల్లలు వచ్చి, సంచి పెట్టి, నన్ను అడగకుండానే మొదలుపెడతారు. రెండోదానికి, తలుపు పక్కన మేకుకి దారంతో కట్టిన చెక్కముక్క వేలాడుతుంది. బయటికి వెళ్లాలంటే అది తీసుకుని వెళ్లాలి, రాగానే మళ్లీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే ఆగాలి, మరీ అత్యవసరమైతే వేలు ఎత్తితే చాలు. “టీచర్, నీళ్లు” అనే కేక రోజుకి ముప్పై సార్లు వినబడేది, ఆగిపోయింది. మూడోదానికి ఒక అట్టపెట్టె నిండా లెక్కల కార్డులు, పొడుపుకథల కార్డులు.

నాలుగోది కష్టమైనది. ఐదో తరగతిలో కూర్చుని రెండో తరగతి వాచకం చదవలేని పిల్లాడు నలభై నిమిషాలు ఏం చేస్తాడు? ఇక్కడ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడులు నాకు దారి చూపాయి. అక్కడ వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, నిచ్చెన మెట్లలా పేర్చిన కార్డుల్లో ఎవరి మెట్టు దగ్గర వాళ్లు పనిచేస్తారు. తమిళనాడు సర్కారు బడులు ఏబీఎల్ (యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్, అంటే పనులు చేస్తూ నేర్చుకోవడం) పేరుతో తెచ్చుకున్న పద్ధతికి మూలం అదే. నేను అంతా చేయలేకపోయాను. తెలుగుకి మాత్రం మూడు మెట్లు చేశాను: అక్షరం, పదం, పేరా. రోజూ ముప్పావు గంట. మెట్టు కుదిరిన రోజు నుంచి, గోడకి వీపు ఆనించి కూర్చునే ఆ పిల్లాడు ముందుకి జరిగాడు.

ప్రశ్నలు అడిగేటప్పుడు కూడా చేతులెత్తే ఆ ఆరుగురినే అడగను. ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాసి గ్లాసులో వేశాను, ఏది వస్తే వాళ్లు చెప్పాలి. ముందు ప్రశ్న, తర్వాత మనసులో మూడు లెక్కపెట్టడం, ఆ తర్వాతే పుల్ల తీయడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, నోరు విప్పే పిల్లలు పెరుగుతారని. మీరూ లెక్కపెట్టి చూడండి. ఆ మూడు సెకన్లూ చాలా పెద్దగా అనిపిస్తాయి.

ఈ దారికీ ఖర్చు ఉంది. జూన్‌లో మూడు వారాలు పాఠాలు నెమ్మదిగా నడుస్తాయి, సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని హెచ్‌ఎం అడుగుతారు. చెక్కముక్క తగిలించడం కూడా నాలుగైదు రోజులు రిహార్సల్ చేయించాలి. గది ఎప్పుడూ సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లకి అది గోలలా వినబడొచ్చు. స్టార్ చార్ట్ ఒక్క సాయంత్రంలో తయారవుతుంది, పేర్లు రాయించడానికి ఆ కష్టమూ లేదు.

అయినా నేను సెలవు పెట్టిన రోజున తేడా తెలుస్తుంది. పేర్లు రాయించిన ఏడాది, తిరిగొచ్చేసరికి బోర్డంతా పేర్లే, ఇద్దరి కళ్లల్లో నీళ్లు. స్టార్లు పెట్టిన ఏడాది, నిన్నటి స్టార్లు ఎవరిస్తారని పొద్దున్నే నా చుట్టూ మూగారు. మూడో దారిలో ఉన్న ఏడాది, పక్క గది సార్ మధ్యలో రెండుసార్లు తొంగిచూసి వెళ్లారట. పిల్లలు కార్డుల పెట్టె దింపుకుని కూర్చున్నారని చెప్పారు. ఒకే టీచరు ఐదు తరగతులూ చూడాల్సిన బడికి ఇది తప్ప వేరే దారి నాకు కనబడదు.

కాబట్టి ఆ అమ్మాయికి చెప్పింది ఇదే: లీడర్ దగ్గర్నుంచి సుద్దముక్క రేపే తీసుకో. చార్ట్ కొనకు. వారం రోజులు అల్లరి జరిగిన వేళలు రాయి.

నిన్న ఫోన్ చేసింది. బుధవారం దాకా రాసిందట. పద్నాలుగింటిలో తొమ్మిది నీళ్ల దగ్గరే ఉన్నాయట. “చెక్కముక్క ఎంత ఉండాలి మేడం?” అని అడిగింది. చిన్న పిల్లల పిడికిట్లో పట్టేంత, జారి పడితే మనకి వినబడేంత బరువు ఉండాలని చెప్పాను.