బ్లాక్ చేయాలా, స్పామ్ కొట్టాలా, అన్‌సబ్‌స్క్రైబ్ అవ్వాలా: ఏది మేలు?

అక్కర్లేని మెయిల్ కనిపించగానే చాలామంది చెయ్యి నేరుగా బ్లాక్ మీదికే వెళ్తుంది. ఫోన్‌లో నంబర్ బ్లాక్ చేస్తే పీడ విరగడవుతుంది కదా, మెయిల్ కూడా అంతేలే అనుకుంటాం. మెయిల్‌లో ఆ లెక్క పనిచేయదు. ఇన్‌బాక్స్‌ను బాగుచేసుకోవడానికి చేతిలో ఉన్న నాలుగు మార్గాల్లో, అంటే బ్లాక్, స్పామ్ రిపోర్ట్, అన్‌సబ్‌స్క్రైబ్, ఫిల్టర్‌లలో, నేను ఆఖర్న వాడమనేది బ్లాకే. అది పనికిరాదని కాదు, దాని చోటు చాలా చిన్నది. ఏ బటన్ నొక్కాలో తేల్చుకునే ముందు చూడాల్సింది ఒక్కటే: ఈ మెయిల్ పంపింది ఎవరు? మనకు తెలిసిన మనిషా, మనమే అడ్రస్ ఇచ్చిన కంపెనీయా, ఊరూ పేరూ లేని మోసగాడా?

ముందు బ్లాక్ సంగతి. జీమెయిల్‌లో ఒక అడ్రస్‌ను బ్లాక్ చేస్తే, ఇకపై దాన్నుంచి వచ్చే మెయిల్స్ స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. రావడం మాత్రం ఆగదు. 30 రోజులు అక్కడే ఉండి వాటంతటవే డిలీట్ అవుతాయి. పంపినవాళ్లకు మెయిల్ వెనక్కి రాదు, తమను బ్లాక్ చేశారని కబురూ అందదు. అవుట్‌లుక్ కూడా జంక్ ఫోల్డర్‌లోకే తోస్తుంది, కాకపోతే అక్కడ ఒక్క అడ్రస్‌నే కాక మొత్తం డొమైన్‌నే, అంటే అడ్రస్‌లో @ తర్వాత ఉండే భాగాన్నే, లిస్టులో పెట్టొచ్చు. యాపిల్ మెయిల్ అయితే ఇన్‌బాక్స్‌లోనే గుర్తు పెట్టి ఉంచాలా, చెత్తబుట్టలో వేయాలా అని సెట్టింగ్స్‌లో మనల్నే అడుగుతుంది.

ఎందులోనైనా బ్లాక్ చూసేది ఫ్రమ్ అడ్రస్ ఒక్కటే. చిక్కంతా అక్కడే ఉంది. మెయిల్ ప్రయాణించే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. పంపేవాడు చెప్పిన పేరు నిజమో కాదో తేల్చే ఏర్పాటు అందులో లేదు. పోస్టు కవరు వెనక ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు కదా, ఫ్రమ్ లైన్ కూడా అలాంటిదే. పంపిన డొమైన్ నిజమో కాదో చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే తనిఖీలు తర్వాతెప్పుడో వచ్చి చేరాయి. అందుకే కొన్నిసార్లు మన సొంత అడ్రస్ నుంచే మనకు బెదిరింపు వస్తుంది: ‘నీ అకౌంట్ హ్యాక్ చేశాను, డబ్బు పంపు’ అని. చూసినవాళ్లకు గుండె జారిపోతుంది. నిజానికి చాలావరకు అది ఫ్రమ్ లైన్‌లో మన పేరు రాయడమే తప్ప, అకౌంట్‌లోకి ఎవరూ దూరినట్టు కాదు. అలాంటి దాన్ని బ్లాక్ చేయబోతే మనల్ని మనమే బ్లాక్ చేసుకున్నట్టు.

ఒక మామూలు మోసం మెయిల్ తీసుకుని చూద్దాం. పైన పేరు ‘డెలివరీ సపోర్ట్’. సబ్జెక్ట్‌లో ‘మీ పార్శిల్ ఆగిపోయింది’. పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది: అర్థంపర్థం లేని అక్షరాలు, మధ్యలో అంకెలు, ఎప్పుడూ వినని డొమైన్. లోపల ఒక లింకు, ‘24 గంటల్లో’ అనే తొందర. దీన్ని బ్లాక్ చేశారనుకోండి. రేపు ఇదే వాక్యం, ఇదే లింకు, కొత్త అడ్రస్‌తో దిగుతుంది. ఎల్లుండి ఇంకొకటి. మన బ్లాక్ లిస్టు పొడుగవుతుంది, స్పామ్ మాత్రం తగ్గదు. దీనికి సరైన బటన్ రిపోర్ట్ స్పామే. డబ్బు, పాస్‌వర్డ్, కార్డు వివరాలు అడిగే రకమైతే, జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో ఉండే రిపోర్ట్ ఫిషింగ్ ఇంకా మేలు.

ఎందుకు మేలు అంటే, స్పామ్ ఫిల్టర్ అడ్రస్ దగ్గర ఆగిపోదు. 2002లో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ ఒక పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చాడు: మనం స్పామ్ అన్న మెయిల్స్‌లో ఏ మాటలు ఎక్కువ, మంచి మెయిల్స్‌లో ఏవి ఎక్కువ అని లెక్కగట్టి, కొత్త మెయిల్ ఎటు మొగ్గుతుందో తేల్చడం. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోని జంక్ ఫిల్టర్ ఇప్పటికీ ఇలా మన దగ్గర నేర్చుకునేదే. పెద్ద సంస్థల ఫిల్టర్లు దానికి తోడు పంపిన సర్వర్ చరిత్ర, డొమైన్‌కున్న పేరు, లోపలి లింకులు, ఇతరుల ఫిర్యాదులు కూడా చూస్తాయి. మనం కొట్టిన ఒక్క రిపోర్ట్ ఆ లెక్కలోకి వెళ్తుంది. పొరపాటున స్పామ్‌లో పడ్డ మంచి మెయిల్‌కి ‘నాట్ స్పామ్’ కొట్టడం కూడా అంతే ముఖ్యం. ఆ రెండో పని మాత్రం ఎవరూ చేయరు. మెయిల్ దొరికింది కదా అని చదివేసి అక్కడే వదిలేస్తారు, తర్వాతిది మళ్లీ స్పామ్‌లోనే పడుతుంది.

కంపెనీల మెయిల్స్ సంగతి పూర్తిగా వేరు. ఎప్పుడో ఏదో కొని, ఏదో ఫారం నింపి, అడ్రస్ ఇచ్చింది మనమే. ఇక్కడ అన్‌సబ్‌స్క్రైబే సరైన దారి, ఇప్పుడు అది మునుపటికంటే నమ్మకంగా పనిచేస్తోంది. ఒకే నొక్కుతో లిస్టులోంచి బయటపడే పద్ధతికి 2017లోనే ప్రమాణం వచ్చింది. 2024లో జీమెయిల్, యాహూ రెండూ పట్టుబట్టాయి: పెద్ద ఎత్తున ప్రచార మెయిల్స్ పంపేవాళ్లు ఈ సౌకర్యం ఇవ్వాల్సిందే, అడిగిన రెండు రోజుల్లో పేరు తీసేయాల్సిందే. జీమెయిల్ లెక్కలో పెద్ద ఎత్తున అంటే రోజుకు 5,000 పైచిలుకు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదనీ షరతు పెట్టింది. కాబట్టి మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో దాక్కున్న లింకు కోసం వెతకొద్దు. పైన, పంపినవాళ్ల పేరు పక్కన మెయిల్ యాప్ చూపించే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ నొక్కండి. మోసం మెయిల్‌లో మాత్రం అడుగున ఉన్న ఆ లింకు జోలికి అస్సలు వెళ్లొద్దు. నొక్కితే ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడు, చదువుతున్నాడు అని వాళ్లకు మనమే చెప్పినట్టు. ఆ లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా తెలియదు.

కంపెనీ మెయిల్‌ను చిరాకులో బ్లాక్ చేయడం, స్పామ్ కొట్టడం ఎందుకు వద్దంటున్నానో గట్టిగా చెప్పాలి. చాలా సంస్థలు ఆఫర్లు, బిల్లులు, రసీదులు, ఓటీపీలు అన్నీ ఒకే డొమైన్ నుంచి, కొన్నిసార్లు ఒకే అడ్రస్ నుంచి పంపుతాయి. ఆఫర్ల గోల భరించలేక బ్లాక్ చేస్తే, మూడు నెలల తర్వాత పాస్‌వర్డ్ మార్చుకునే లింకు స్పామ్‌లో కూర్చుంటుంది. మీరేమో ఇన్‌బాక్స్ రిఫ్రెష్ చేస్తూ టెన్షన్ పడుతుంటారు. అన్‌సబ్‌స్క్రైబ్ అయితే ప్రచారం ఆగుతుంది, రసీదులు మామూలుగా వస్తాయి. ఒకటికి రెండుసార్లు తీసేయమన్నా, గడువు దాటినా పంపుతూనే ఉంటే అప్పుడు స్పామ్ కొట్టండి. తప్పేం లేదు, ఆ ఫిర్యాదు వాళ్లకు తగిలి తీరాలి.

ఫిల్టర్ పని ఇంకోటి: కావాలి, కానీ ఇప్పుడే కళ్లముందు వద్దు అనే మెయిల్స్. జీమెయిల్‌లో ఇది ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్‌లో తెరవాలి. సెర్చ్ పెట్టెలో కుడివైపున్న గుర్తు నొక్కి, ఫ్రమ్ దగ్గర అడ్రస్ గానీ డొమైన్ గానీ ఇచ్చి, ‘క్రియేట్ ఫిల్టర్’ అంటే ఏం చేయాలో అడుగుతుంది. నా సలహా: ‘డిలీట్ ఇట్’ జోలికి పోకుండా, ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’ పెట్టి ఒక లేబుల్, అంటే ఫోల్డర్ లాంటి పేరు, తగిలించండి. అడ్రస్‌తో కాకుండా మాటలతో ఫిల్టర్ పెట్టేవాళ్లయితే మరీ జాగ్రత్త. సబ్జెక్ట్‌లో ‘ఆఫర్’ అని ఉంటే చెరిపేయమని పెట్టారనుకోండి, ఉద్యోగం వచ్చిన రోజు ఆఫర్ లెటర్ కూడా చెత్తబుట్టలోకే పోతుంది. కంప్యూటర్‌లో పెట్టుకున్న మెయిల్ ప్రోగ్రామ్‌లో రూల్ రాస్తే ఇంకో తిరకాసు ఉంది. కొన్ని రూల్స్ ఆ ప్రోగ్రామ్ తెరిచి ఉన్నప్పుడే నడుస్తాయి, ఫోన్‌లో చూసే ఇన్‌బాక్స్‌లో ఆ గోల అలాగే ఉంటుంది. సర్వర్‌లో, అంటే వెబ్‌మెయిల్ సెట్టింగ్స్‌లో పెట్టినవైతే అన్ని చోట్లా వర్తిస్తాయి.

సేఫ్ సెండర్స్ లిస్టు, అంటే స్పామ్‌లో వేయొద్దని మనం చెప్పే అడ్రస్‌ల జాబితా, బ్లాక్‌కి తలకిందులు. ముఖ్యమైన మెయిల్స్ స్పామ్‌లో పడుతుంటే అక్కరకొస్తుంది, అయితే ఒక్కో అడ్రస్ చొప్పునే చేర్చండి. అందరూ వాడే పెద్ద డొమైన్‌ను మొత్తంగా చేర్చడమంటే, ఆ పేరు పెట్టుకుని వచ్చే దొంగ మెయిల్‌కి కూడా తలుపు తీసి పెట్టడమే. అనుమానం వస్తే జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ తెరిచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఎదురుగా ‘పాస్’ ఉందో ‘ఫెయిల్’ ఉందో చూడొచ్చు. పాస్ అయితే డొమైన్ నిజమని మాత్రమే అర్థం. ఆ డొమైన్ వాడు మంచివాడని కాదు. మోసగాడు కూడా డొమైన్ కొనుక్కుని దర్జాగా పాస్ అవుతాడు.

ఫిల్టర్‌ను ఎంత కఠినంగా పెట్టాలి అనే దగ్గర నేను మెతకవైపే ఉంటాను. ఇన్‌బాక్స్‌లోకి నాలుగు చెత్త మెయిల్స్ వస్తే పోయేది నాలుగు సెకన్లు. ఇంటర్వ్యూ పిలుపో, ఆస్పత్రి రిపోర్టో స్పామ్‌లో పడి 30 రోజులు దాటితే పోయేది వేరు. అందుకే వారానికోసారైనా స్పామ్ ఫోల్డర్ మీద ఒక చూపు వేయాలి. పీఓపీ పద్ధతిలో, అంటే సర్వర్ నుంచి తమ కంప్యూటర్‌లోకి, మెయిల్ దించుకునేవాళ్లకు ఇది మరీ అవసరం. వాళ్లకు స్పామ్ ఫోల్డర్ సాధారణంగా దిగదు, అందులో ఏముందో వెబ్‌లో తెరిస్తేగానీ తెలియదు.

మరి బ్లాక్ ఎవరికి? మనిషికి. వద్దన్నా రాస్తూనే ఉండే పరిచయస్తుడికి, అదే అడ్రస్ నుంచి పదేపదే విసిగించే సేల్స్ మనిషికి. నిజం పేరుతో, నిజం అడ్రస్‌తో రాస్తారు కాబట్టి అక్కడ బ్లాక్ దెబ్బకి పనిచేస్తుంది. కానీ ఆ రాతల్లో బెదిరింపులు ఉంటే బ్లాక్ చేయొద్దు. రేపు ఫిర్యాదు చేయాలంటే ఆ మెయిల్సే ఆధారం, స్పామ్‌లో పడితే నెల తిరిగేసరికి మాయమవుతాయి. ఫిల్టర్ పెట్టి, ఇన్‌బాక్స్‌కి రాకుండా ఒక లేబుల్ కిందికి మళ్లించి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ కూడా టిక్ చేయండి. చదివే పని నమ్మకమైన మనిషికి అప్పగించండి. మీరు రోజూ వాటిని చూడక్కర్లేదు.

కొత్తగా ఎక్కడైనా అడ్రస్ ఇవ్వాల్సి వస్తే, ఈ నాలుగింటి అవసరమే రాకుండా చూసుకోవచ్చు. యాపిల్ హైడ్ మై ఇమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే లాంటివి ఒక్కో సైటుకి ఒక్కో మారు అడ్రస్ ఇస్తాయి, విసుగొస్తే ఆ ఒక్కదాన్ని ఆపేస్తే సరి. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చినా మెయిల్ మనకే వస్తుంది, అడ్రస్ ఎవరి దగ్గర్నుంచి బయటికి పొక్కిందో పట్టుకోవచ్చు. కొన్ని సైట్లు ప్లస్‌ను ఒప్పుకోవు. స్పామర్లు ఆ ముక్కను కోసేసి పంపడమూ తేలికే.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ బటన్లేవీ ముందు ముట్టుకోకండి. ఉన్నట్టుండి గంటలో వందలకొద్దీ ‘మా న్యూస్‌లెటర్‌కు స్వాగతం’, ‘మీ అకౌంట్ ధ్రువీకరించండి’ మెయిల్స్ వచ్చి పడుతుంటే, ఎవరో మీ అడ్రస్‌ను కావాలనే వందల సైట్లలో నమోదు చేశారన్నమాట. ఆ వరదలో ఒక మెయిల్‌ను మీ కంటపడకుండా చేయడానికే సాధారణంగా ఇలా చేస్తారు: ఏదో కొనుగోలు, డబ్బు బదిలీ, పాస్‌వర్డ్ మార్పు. అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే అది కూడా పోతుంది. ముందు సెర్చ్‌లో మీ బ్యాంకు పేరు, మీరు కొనే సైట్ల పేర్లు కొట్టి చూడండి. స్పామ్ ఫోల్డర్‌లోనూ చూడండి. తేడా కనిపిస్తే వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి, పాస్‌వర్డులు మార్చి, రెండంచెల లాగిన్ పెట్టండి. వరద తీశాక మిగిలినవాటిని తీరిగ్గా స్పామ్ కొట్టుకోవచ్చు.